కోయి కొలను కట్టేటప్పుడే కొంగను లెక్కలోకి తీసుకోండి

మా పెరట్లో నేను మొదటిసారి కట్టించిన కొలను లోతు 2 అడుగులే. చూడ్డానికి బాగుంటుందని ఒకవైపు మెట్లుగా దింపి, వాటి మీద గులకరాళ్లు పరిపించాను. అందులో 9 కోయి చేపలు వదిలితే పదిహేను రోజులు తిరిగేసరికి 3 మిగిలాయి. ఒకరోజు తెల్లవారుజామున లేచి చూస్తే ఆ మెట్ల మీద, కాళ్లు మునిగేంత నీళ్లలో గుడ్డికొంగ కదలకుండా నిలబడి ఉంది. అది నిలబడి వేటాడటానికి ఎంత లోతు కావాలో సరిగ్గా అంత లోతే కట్టించానని అప్పుడు అర్థమైంది. పోయిన చేపల్లో ఒకటి మా అమ్మాయి చేతిలో మేత తినేది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

దాన్ని పగలగొట్టించి మళ్లీ కట్టించాను. చేపల రక్షణలో ముప్పాతిక వంతు తవ్వే రోజునే తేలిపోతుంది, వల ఆ తర్వాతి సంగతి. అందుకే ఈ వ్యాసంలో కొలను కట్టడాన్ని, వేటాడే జీవుల నుంచి కాపాడటాన్ని విడదీయకుండా కలిపే చెబుతున్నాను.

ముందు ఈ చేప గురించి నాలుగు మాటలు. కోయి అంటే మన చెరువుల్లో పెంచే బంగారు తీగకు రంగుల చుట్టం. జపాన్‌లోని నీగాటా కొండ ఊళ్లలో వరి రైతులు తిండి కోసం పెంచుకునే చేపల్లో అక్కడక్కడా రంగువి పుడితే, 19వ శతాబ్దంలో వాటిని ఏరి పెంచడం మొదలుపెట్టారు. 1914లో టోక్యోలో జరిగిన ప్రదర్శనతో మిగతా జపాన్‌కు వీటి సంగతి తెలిసింది. ఇందులో మనం గుర్తుంచుకోవాల్సినవి రెండు. షాపులో 3 అంగుళాలు ఉన్న పిల్ల బాగా పెరిగితే 2 అడుగులు దాటుతుంది, ఇరవై ఏళ్లకు పైగా బతుకుతుంది. రెండోది, మామూలు బంగారు తీగ వీపు బురద రంగులో ఉండి పైనుంచి కనిపించదు. కోయిని పైనుంచి చూడటానికే తరతరాలుగా ఏరి పెంచారు. మనకు గట్టు మీంచి ఎంత చక్కగా కనిపిస్తుందో, కరెంటు తీగ మీద కూర్చున్న లకుముకి పిట్టకూ అంత చక్కగా కనిపిస్తుంది.

చోటు

పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు పడి, మధ్యాహ్నం నీడ వచ్చే చోటు చూడండి. మన మే నెల ఎండలో నీళ్లు వేడెక్కితే అందులో ఇమిడే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఉండే ఆక్సిజన్, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. కోయికి 30 దాటితే ఇబ్బంది. వాస్తు ప్రకారం ఈశాన్యంలో నీళ్లు ఉండాలంటారు కదా, ఆ మూల పొద్దుటి ఎండ పడి మధ్యాహ్నానికి ఇంటి నీడ వస్తుంది కాబట్టి చేపలకూ అదే మంచి చోటు. సెప్టిక్ ట్యాంకుకూ ఇంటి పునాదికీ మాత్రం ఎడం ఉండాలి.

వేప, బాదం లాంటి పెద్ద చెట్ల కింద వద్దు. ఆకు రాలి అడుగున కుళ్లుతుంది, పైగా ఆ కొమ్మలే పిట్టలకు కాపు కాసే చోట్లవుతాయి. గన్నేరు చెట్టు పక్కన అసలే వద్దు, దాని ఆకూ పువ్వూ అన్నీ విషమే.

నేల ఎలాంటిదో కూడా చూసుకోండి. హైదరాబాద్ చుట్టుపక్కల మొరం నేలలో గుంత గోడలు నిలుస్తాయి. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది, అందులో ఒట్టి సిమెంటు తొట్టి కడితే రెండు మూడేళ్లకు పగులు తప్పదు. అక్కడ గోడ లోపల లైనర్ షీటు (నీరు కారిపోకుండా పరిచే షీటు) వేయడమే మంచిది. గోదావరి జిల్లాల్లో లాగా కాస్త తవ్వగానే నీరు ఊరే చోట అయితే, అడుగునుంచి నీరు తన్ని లైనర్‌ను పైకి లేపేస్తుంది. అలాంటి చోట తవ్వకం తగ్గించి, గోడను నేల మీద రెండు మూడు అడుగులు ఎత్తుగా కట్టుకోండి.

తవ్వకం, గోడ

నేను చెప్పే కొలతలు లోపలి కొలతలు: పొడవు 12 అడుగులు, వెడల్పు 8 అడుగులు. నేల కిందికి 4 అడుగులు, నేల మీద గోడ ఒకటిన్నర అడుగు. గోడ మూతికి 9 అంగుళాల కిందే నీటి మట్టం ఆపాలి. అంటే నీటి లోతు 4 అడుగుల 9 అంగుళాలు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున ఇది సుమారు 13,000 లీటర్లు. పెద్ద చేప ఒక్కోదానికి వెయ్యి లీటర్లు అనుకుంటే పది పన్నెండు చేపలకు సరిపోతుంది.

గోడలు నిట్టనిలువుగా ఉండాలి. మేస్త్రీ తప్పకుండా "కొంచెం వాలుగా పెడదామండీ, ఒక మెట్టు పెడితే దిగడానికి వీలుంటుంది" అంటాడు. ఒప్పుకోవద్దు. కొంగలకు ఈత కొట్టి వేటాడే అలవాటు లేదు. గట్టు మీద వాలి, నడుచుకుంటూ నీళ్లలోకి దిగి, కాలు ఆనే చోట నిలబడి పొడుస్తాయి. కాలు ఆనే చోటే లేకపోతే గట్టు మీంచి వంగాలి, అక్కడ నీరు 9 అంగుళాల కింద ఉంటుంది. దిగాల్సిన రోజు మీరు నిచ్చెన వేసుకోండి. మొక్కల కోసం పక్కన అరుగులాంటిది పెట్టడం కూడా ఇదే తప్పు.

అడుగు మాత్రం మధ్యలోకి వాలుగా ఉండి, అక్కడ 4 అంగుళాల పీవీసీ పైపుతో డ్రెయిన్ ఉండాలి. చేపల మలం, మిగిలిన మేత అటే చేరతాయి.

గోడ మూతి మీద గ్రానైట్ బండలు పరిచేటప్పుడు 4 అంగుళాలు లోపలికి పొడుచుకు వచ్చేలా వేయించండి. లైనర్ అంచు కనిపించదు, అంచున నీడ ఉంటుంది, పిల్లి పంజా నీటిదాకా వెళ్లదు. నేల మీది ఒకటిన్నర అడుగు గోడకు ఇంకో పని ఉంది. వానాకాలంలో పెరట్లోని బురద, మొక్కలకు కొట్టిన పురుగుల మందు కొలనులోకి రాకుండా ఆపుతుంది. జోరు వానకు కొలను పొంగకుండా నీటి మట్టం దగ్గర 2 అంగుళాల పైపు పెట్టి, దాని మూతికి జాలీ బిగించండి. జాలీ లేకపోతే చిన్న చేపలు ఆ దారినే బయటపడతాయి.

లైనర్ లెక్క సులువు. పొడవుకు రెండు లోతులు, పైన మడవడానికి 2 అడుగులు కలపాలి. మన కొలనుకు 12 + 11 + 2 = 25 అడుగులు, 8 + 11 + 2 = 21 అడుగులు. ఈపీడీఎం రబ్బరు షీటు 1 మిల్లీమీటరు మందానిది దొరికితే మేలు, అది మూలల్లో బాగా ఒదుగుతుంది. లేదంటే భీమవరం వైపు రొయ్యల చెరువులకు వేసే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు కూడా పనికొస్తుంది. షీటు కింద మందపాటి ఫెల్ట్ గుడ్డ పరచండి. పందికొక్కులు తిరిగే చోట బయట తవ్విన గుంతను అలాగే వదలకుండా ఇటుక గోడ కట్టాకే లైనర్ వేయాలి, లేకపోతే మట్టి వైపు నుంచి కొరికేస్తాయి.

లైనర్ లేకుండా సిమెంటు తొట్టే కట్టుకుంటే తొందరపడొద్దు. కొత్త సిమెంటు నుంచి సున్నం దిగి నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) బాగా పెరిగిపోతుంది. నింపి, వారం ఉంచి, పారబోయండి. అలా మూడు నాలుగు వారాలు చేయాలి. అరటి బోదె ముక్కలు వేసి నానబెట్టే పాత పద్ధతి కూడా ఉంది. ఏం చేసినా చివర్లో పీహెచ్ కిట్‌తో చూసి, 8.5 లోపు ఉంటేనే ముందుకెళ్లండి.

నీళ్లు, ఫిల్టర్

గట్టు పక్కన 200 లీటర్ల నీలం డ్రమ్ములు మూడు, సగం నేలలో పాతి, వాటి మూతులు కొలను గోడ మూతితో సమానంగా ఉండేలా పెట్టండి. అడుగు డ్రెయిన్ నీళ్లు తమంతట తామే మొదటి డ్రమ్ములోకి వస్తాయి. అక్కడ మడ్డి కిందికి దిగుతుంది. రెండో దాంట్లో బ్రష్షులు, స్పాంజి. మూడో దాంట్లో బయో బాల్స్ (మేలు చేసే బాక్టీరియా పట్టే ప్లాస్టిక్ బంతులు) నింపి, వాటికి ఇవతల జాలీ అడ్డు పెట్టి చివర్లో పంపు. పంపు గంటకు 8,000 లీటర్లది తీసుకుంటే, ఎత్తుకు ఎక్కించడంలో కొంత పోయినా రెండు గంటలకోసారి కొలను మొత్తం తిరుగుతుంది. నీరు తిరిగి కొలనులో పడేటప్పుడు కాస్త పైనుంచి పడనివ్వండి, గాలి కలుస్తుంది. ఇలా చేస్తే కరెంటు వస్తువేదీ కొలనులో ఉండదు. అయినా ఆ లైనుకు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాకే స్విచ్ వేయండి.

పంపు ఆగితే ఏమవుతుందో ముందే ఆలోచించుకోండి. కరెంటు పోయిన వేసవి రాత్రి, తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఇన్వర్టర్ మీద ఒక చిన్న ఎయిర్ పంపు పెడితే ఆ టెన్షన్ ఉండదు. నా దృష్టిలో ఇది అలంకారపు లైట్ల కంటే వంద రెట్లు అవసరం.

నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. 1 పీపీఎం (లీటరుకు 1 మిల్లీగ్రాము) క్లోరిన్‌ను విరగ్గొట్టడానికి 1,000 లీటర్లకు 7, 8 గ్రాముల సోడియం థయోసల్ఫేట్ సరిపోతుంది. అక్వేరియం షాపుల్లో దీన్నే హైపో అంటారు. బోరు నీళ్లయితే ఒక రోజంతా పంపు తిప్పి గాలి పట్టనివ్వండి, భూమిలోంచి వచ్చినప్పుడు వాటిలో ఆక్సిజన్ తక్కువ. వేసవిలో రోజుకు అర అంగుళం దాకా ఆవిరైపోతుంది, అంటే మన కొలనులో 110 లీటర్లకు పైగా. ఆ లోటు నింపడానికి నల్లా తిప్పి ఫోను మాట్లాడుతూ మరిచిపోవడం వల్ల పోయిన చేపలు చాలా ఉన్నాయి. బకెట్లతో పోయండి, లేదా సెల్‌ఫోనులో అలారం పెట్టుకోండి.

నీళ్లు తేటగా ఉన్నాయని చేపలు వదిలేయకండి. మలంలోంచి వచ్చే అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్‌లో కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ముందు రెండు చేపలతో మొదలుపెట్టి, కొద్దిగా మేత వేస్తూ, అమ్మోనియా, నైట్రైట్ కిట్లతో రెండు రోజులకోసారి చూడండి. ఈ కిట్లు ఆక్వా షాపుల్లో దొరుకుతాయి. నైట్రైట్ కనిపిస్తే 1,000 లీటర్లకు కిలో చొప్పున అయోడిన్ కలపని కల్లుప్పు వేసి, నీళ్లు కొంత మార్చండి. రెండూ సున్నాకు వచ్చాకే మిగతా చేపలు. ఆ తర్వాత వారానికి పదో వంతు నీళ్లు మారిస్తే చాలు. తీసిన నీళ్లు అరటికి, కొబ్బరికి పోయండి, చెట్లు నెలలోనే తేడా చూపిస్తాయి.

చేపలు కొనేటప్పుడు

6 అంగుళాల కంటే చిన్నవి నేరుగా కొలనులో వేయొద్దు. లకుముకి పిట్టకు 2, 3 అంగుళాల పిల్లలే సరైన కొలత, అరచేయంత చేపను అది మోయలేదు. చిన్నవి కొనాలనిపిస్తే 500 లీటర్ల ట్యాంకులో మూత పెట్టి పెంచి, ఎదిగాక దించండి. పెద్దవైనా సరే, కొత్తగా వచ్చిన వాటిని మూడు నాలుగు వారాలు ఆ ట్యాంకులోనే విడిగా ఉంచాలి. చేప పేను, లంగరు పురుగు, కోయి హెర్పిస్ వైరస్ అన్నీ కొత్త చేపతోనే వస్తాయి. ఆ వైరస్‌కు మందు లేదు. చేపను తెచ్చిన సంచీని అరగంట నీటిలో తేల్చి, చేపను చేత్తోనో చిన్న తొట్టితోనో దించండి, సంచీలో నీళ్లు మాత్రం కొలనులో పోయకండి.

కొత్త చోటుకు వచ్చిన కోయి మొదటి వారం బెదిరి ఎగురుతుంది. పొద్దున్న ఒక చేప లెక్కకు తగ్గితే ముందు గట్టు చుట్టూ, పొదల్లో వెతకండి. అన్ని నేరాలూ పిల్లివి కావు.

ఏది వచ్చిందో గుర్తుపట్టడం

జాడను బట్టి చాలావరకు చెప్పొచ్చు. రోజుకు ఒకటి రెండు చిన్న చేపలు మాయమవుతూ, ఎక్కడా రక్తం, పొలుసులు లేకపోతే పగటిపూట లకుముకి, రాత్రయితే చింతవక్క అనే కొంగ రకం. ఈ వక్క చీకటి పడ్డాక బయల్దేరుతుంది కాబట్టి పగలంతా కాపలా ఉన్నా కనిపించదు. బతికి ఉన్న చేప వీపు మీద పొడిచిన గాయం ఉంటే కొంగో నారాయణ పక్షో పొడిచి జార్చేసింది. గట్టు మీద పొలుసులు, సగం తిన్న చేప ఉంటే పిల్లి లేదా ముంగిస. నీటికాకి ఒక్కతే వీళ్లందరికీ భిన్నం, నీళ్లలో మునిగి వెంటాడుతుంది. చెరువుకు దగ్గరగా ఉన్న ఇళ్లకు దీంతో ప్రమాదం ఎక్కువ, దానికి లోతు అడ్డు కాదు.

ఏదీ కనిపించకపోయినా ఒక గుర్తు ఉంది. మేత డబ్బా చప్పుడుకే పరుగెత్తుకొచ్చే చేపలు హఠాత్తుగా రెండు మూడు రోజులు అడుగునే గుంపుగా ఉండిపోతే ఏదో వచ్చి వెళ్లిందనుకోండి.

గాయపడిన చేపను విడి ట్యాంకులోకి మార్చి, లీటరుకు 3 గ్రాముల ఉప్పు, ఎయిర్ పంపు పెట్టండి. గాయం మీద పోవిడోన్ అయోడిన్ దూదితో అద్ది, మొప్పలకూ కళ్లకూ తగలకుండా చూసుకోండి. లోతు తక్కువ గాయాలు రెండు మూడు వారాల్లో మానుతాయి.

పందిరి, తలుపులు, దారాలు

మన ఎండలకు నాకు అన్నిటికంటే నచ్చిన ఉపాయం పందిరి. 7 అడుగుల ఎత్తున ఇనుప పైపులతో పందిరి వేసి, నర్సరీల్లో వాడే 50 శాతం షేడ్ నెట్ బిగించి కట్టండి. నీళ్ల వేడి తగ్గుతుంది, నాచు తగ్గుతుంది, గద్ద పైనుంచి దూకలేదు. అయితే పక్కలు తెరిచే ఉంటాయి, కొంగ గోడ దాకా నడిచి వస్తుంది, లకుముకి పక్కనుంచి దూరుతుంది.

అందుకని అసలైన కాపలా నీటి మీది తలుపులదే. ఒక అంగుళం చదరపు ఇనుప పైపు ఫ్రేముకు, అంగుళం కన్నుల వెల్డ్ మెష్ వేయించి, రెండు తలుపుల్లా గోడ మీద కీళ్లతో బిగించండి. నీటికీ మెష్‌కీ మధ్య 9 అంగుళాలు ముందే వదిలాం కదా, అది ఇక్కడ పనికొస్తుంది. మెష్ నీటిని ఆనుకుని ఉంటే కొంగ దాని మీదే నిలబడి కన్నుల్లోంచి పొడుస్తుంది. మీరు పెరట్లో ఉన్నంతసేపు తెరిచి, లోపలికి వెళ్లేటప్పుడు మూసేయండి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఈ తలుపులకు గొళ్లెం, తాళం తప్పనిసరి. దాదాపు 5 అడుగుల నీళ్లు పసిపిల్లలకు ప్రాణాపాయం. ఈ ఒక్క విషయంలో రేపు చేద్దాం అనుకోవద్దు, నీళ్లు నింపే ముందే తలుపులు బిగించండి.

ఇనుము చూడ్డానికి బాగోదు అనుకుంటే, కొలనుకు అడ్డంగా అడుగుకొకటి చొప్పున గట్టి నైలాన్ దారాలు లాగి కట్టొచ్చు. పెద్ద పక్షులు రెక్కలు తగులుతాయని దిగవు. గోడ చుట్టూ నేల మీద 6 అంగుళాల ఎత్తున ఒకటి, 14 అంగుళాల ఎత్తున ఒకటి దారం కడితే నడిచొచ్చే కొంగకు అడ్డం. లకుముకికి మాత్రం ఇవేవీ లెక్క కాదు. సన్నని చేపల వల వదులుగా పరిచేవాళ్లను చూశాను. దయచేసి అలా చేయొద్దు, పిట్టలు చిక్కుకుని రెక్కలు విరిగి చస్తాయి. వల వాడితే మందపాటిది, డప్పు తోలులా బిగుతుగా కట్టండి.

ప్లాస్టిక్ కొంగ బొమ్మ, మెరిసే రిబ్బన్లు, దిష్టిబొమ్మ మూడు నాలుగు రోజులు పనిచేస్తాయి. ఆ తర్వాత పక్షులు వాటి మీదే వాలతాయి. వాటికి డబ్బు పెట్టే బదులు అడుగున చేపలకు దాక్కునే చోటు పెట్టండి. రెండు సిమెంటు దిమ్మెల మీద ఒక బండ ఆనించినా చాలు, 10 అంగుళాల వెడల్పు పైపు ముక్కలు రెండు వేసినా చాలు. పైపు అంచులు ఉప్పుకాగితంతో రుద్దండి, లేకపోతే చేప వీపు గీరుకుపోతుంది.

పాముల సంగతి

వానాకాలంలో నీరుకట్టె పాము రావచ్చు. దానికి విషం లేదు, కానీ పట్టుకోబోతే గట్టిగా కరుస్తుంది. చీకట్లో అది నీరుకట్టో మరొకటో తేల్చుకోలేం కాబట్టి చేయి పెట్టొద్దు. రాళ్ల గుట్టలు, గోడ బయటి కంతలు దానికి ఇల్లు, అవి లేకుండా పూడ్చండి. డ్రెయిన్, ఓవర్‌ఫ్లో పైపుల మూతులకు పావు అంగుళం కన్నుల ఇనుప జాలీ వేయండి. నేల మీద నైలాన్ వల ముక్కలు పడేయకండి, పాము అందులో చిక్కుకుని నరకం పడి చస్తుంది. హైదరాబాద్‌లో అయితే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు వచ్చి పట్టి తీసుకెళ్తారు.

కొంగల్నీ పాముల్నీ కొట్టకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి రక్షణ ఇచ్చింది. చట్టం మాట అటుంచినా, ఆ కొంగ చేసిన తప్పేముంది? ఎర్రటి చేపను దాని కళ్లముందు పెట్టింది మనమే కదా.

రోజూ చేసే పని

తేలే మేత రోజుకు రెండుసార్లు, 5 నిమిషాల్లో తినేంత వేస్తే చాలు. ఎండాకాలంలో పొద్దెక్కాక ఒకసారి, సాయంత్రం చీకటి పడకముందే ఒకసారి. మేత వేసేటప్పుడు చేపల్ని లెక్కపెట్టే అలవాటు చేసుకోండి, నష్టం మొదటి రోజే తెలుస్తుంది. కలువలు, తామరలు కొలనులో పెడితే కోయి పీకేస్తాయి. డ్రమ్ముల పక్కన చిన్న తొట్టిలో మెట్టతామర పెంచి, తిరిగొచ్చే నీళ్లను దాని మీదుగా పంపితే నైట్రేట్ అది తినేస్తుంది. డ్రమ్ములకు మాత్రం మూతలు పెట్టండి. కొలనులో దోమ పిల్లల్ని చేపలు మిగల్చవు గానీ డ్రమ్ముల్లో తినేవాళ్లు లేరు.

ఎప్పుడైనా ఎక్కువైన చేపల్ని ఊరి చెరువులో వదలాలనిపిస్తే వద్దు, వాటితో పాటు రోగాలూ వెళ్తాయి. ఇంకో కొలను ఉన్నవాళ్లకు ఇవ్వండి.

సంక్రాంతికి ఊరెళ్లాల్సి వస్తే వారం రోజులు మేత లేకపోయినా పెద్ద కోయికి ఏమీ కాదు. తెలియనివాళ్లు గుప్పెళ్లతో మేత వేసి నీళ్లు పాడుచేయడమే అసలు ప్రమాదం. పక్కింటివాళ్లకు మేత డబ్బా ఇవ్వకుండా, రోజుకోసారి పంపు తిరుగుతోందో లేదో మాత్రం చూడమని చెప్పండి. బయల్దేరే ముందు ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు, ఓవర్‌ఫ్లో జాలీ, మెష్ తలుపుల గొళ్లెం మీరే స్వయంగా చూసుకోండి.